వెండి రొయ్య చరిత్ర

జనవరి 19, సోమవారం

మంచు బాగా పట్టింది. ఎనిమిదిన్నర దాకా ఎండ లేదు. వెదురు గడలతో గుంతల చుట్టూ ఉన్న గ్రీన్ల గడ్డి మీద మంచు దులిపించాను. పద్దెనిమిదో గుంత మార్చాను: గ్రీను ముందు అంచు నుంచి పద్నాలుగు అంగలు, ఎడమ నుంచి ఐదు. పాత గుంత పూడ్చి నీళ్ళు పోశాను.

ఇదే క్లబ్బు రిజిస్టరులోనూ రాశాను. అది వాళ్ళది, ఇది నాది. ఇరవై మూడేళ్ళుగా రెండూ రాస్తున్నాను. ఇక్కడ రొయ్యల చెరువులున్నప్పుడు నీళ్ళలో ఉప్పు, మేత, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరిగిన గంటలు రాసేవాణ్ణి. చెరువులు పూడ్చి గోల్ఫ్ మైదానం చేశాక గడ్డి ఎత్తు, గుంత చోటు రాస్తున్నాను. అప్పుడూ నీళ్ళు చూసుకోవడమే, ఇప్పుడూ నీళ్ళు చూసుకోవడమే. చెరువులో ఉన్నవాటివల్ల లోకానికి కాస్త ఉపయోగం ఉండేది.

చైర్మన్ శ్రీరామరాజు గారు షెడ్డుకొచ్చారు. వెంట రాజమండ్రి నుంచి ఒకమ్మాయి, పేరు శ్రీదుర్గ. డెల్టా ఓపెన్ పదోసారి జరగబోతోందని పుస్తకం వేస్తున్నారట. టోర్నమెంటు చరిత్ర ఈ అమ్మాయి రాస్తుందట.

"చిట్టియ్యా, ఈవిడ ఏం అడిగితే అది చూపించు. అన్నీ నీ రిజిస్టర్లలో ఉంటాయి కదా."

"ఆయ్," అన్నాను.

చరిత్రట. దేశమంతా జరిగే పెద్ద పోటీల టూరులో ఆడే అర్హత రానివాళ్ళకీ, వచ్చి పోగొట్టుకున్నవాళ్ళకీ పెట్టిన రెండో మెట్టు పోటీ ఇది. ఏడాదికోసారి వస్తారు. మూడు రోజులు, రోజుకో రౌండు ఆడతారు. గ్రీన్లు బాగాలేవని నన్ను తిడతారు. భీమవరంలో రొయ్యల వేపుడు తిని వెళ్ళిపోతారు. గెలిచినవాడికి వెండి రొయ్య ఇస్తారు. మేత కంపెనీ వాళ్ళు మొదటి ఏడు చేయించిన కప్పు అది. గోల్ఫ్ బంతిని కాళ్ళతో వాటేసుకుని నిలబడ్డ రొయ్య. పైన వెండి పూతే, లోపల ఇత్తడి. ఒక మీసం మూడో ఏడే విరిగింది. ఫోటోలు తీసేటప్పుడు ఆ వైపు లోపలికి తిప్పుతారు.

జనవరి 21

మంచు తక్కువ. ఆరో గ్రీను కోశాను, నాలుగు మిల్లీమీటర్లు.

అమ్మాయి మొదటి పేజీ చదివి వినిపించింది. ఆనకట్ట కట్టిన రోజుల్లో తెల్లదొరలు ఇక్కడ గుర్రాలు దిగి గోల్ఫ్ ఆడేవారట.

"ఎవరు చెప్పారమ్మా?"

"చైర్మన్ గారండి. వాళ్ళ తాతగారు చూశారట."

ఆ రోజుల్లో ఇది ఉప్పుటేరు పోటు నీళ్ళు నిలిచే చవిటి నేల. దొరలు ఆడి ఉంటే మోకాళ్ళ లోతు బురదలో ఆడి ఉండాలి. అడిగినవి చూపించమన్నారు, అడగనివి చెప్పమనలేదు.

2018 పేజీ ఇంకా బాగుంది. ఆ ఏడు మూడు గ్రీన్ల అడుగు నుంచి ఉప్పు పైకి తేలి గడ్డి మాడిపోయింది. ఆకుపచ్చ రంగు కొట్టించారు. ఆటగాళ్ళ తెల్ల బూట్లు సాయంత్రానికి చిలకల్లా తయారయ్యాయి. "కనుచూపు మేర పచ్చదనం మీద మరపురాని పోటీ" అని రాసింది. మరపురానిదే. రంగు కొట్టింది నేను.

జనవరి 22

కమిటీ గదిలో నీళ్ళ సీసాలు పెట్టమంటే వెళ్ళాను. అమ్మాయి వేళ్ళ మీద లెక్కపెడుతోంది.

"2015 నుంచి 2019 దాకా ఐదు. తర్వాత రెండేళ్ళు కరోనా. 2023, 24, 25 మూడు. అంటే ఇప్పుడు జరగబోయేది తొమ్మిదోదండి. పదోది కాదు."

బయట ఆర్చీ మీద మనిషి ఎత్తు అక్షరాలతో 'దశమ డెల్టా ఓపెన్' అని ఉంది. టీషర్టుల మీద ఉంది. వచ్చే వక్తల ఉపన్యాసాల్లో ఉంది.

"2022 వదిలేశావేంటమ్మా?" అన్నారు రాజుగారు.

"అది వానకి రద్దయిందని ఉందండి."

"రద్దని ఎవరన్నారు? మొదటి రౌండు నిక్షేపంగా ఆడారు. రెండో రౌండులో ఆఖరి జట్టు ఆఖరి గుంత మీదుండగా సైరన్ వేసి ఆపేశాం. మూడో రోజు ఆట లేదు. రెండోది పూర్తవలేదు కాబట్టి మొదటి రౌండులో ముందున్నవాడే విజేత. రూలు అలాగే ఉంటుంది. ఎవరమ్మా ముందు?"

అమ్మాయి కాగితం చూసింది. "సందీప్ గారండి. మీ అబ్బాయి."

రాజుగారు ఆశ్చర్యపోయినట్టు మొహం పెట్టారు. బాగానే పెట్టారు.

గోదావరి వరద వల్ల ఆట ఆగిందని రాయమన్నారు. కరోనా మూలంగా ఆ ఏడు పోటీ మే నెలకి వాయిదా పడింది. మే నెలలో గోదావరికి వరదట. పుస్తకం చదివేవాళ్ళలో ఒక్కడైనా గోదావరి నీళ్ళు తాగినవాడు ఉండడని ధైర్యం.

దీనికి టూరు వాళ్ళు ఒప్పుకోవాలట. సైరన్ వేసి ఆట ఆపినట్టు రుజువు కావాలట. నా రిజిస్టరు తెప్పించి పేజీ ఫోటో తీశారు. 14-5-2022. "సా. 5.38కి మెరుపులు చూసి సైరన్ వేశాను. ఆట ఆపారు. చిట్టియ్య."

నా దస్తూరీ బాగుంటుందని రాజుగారు అందరికీ చూపించారు.

జనవరి 23

గాలి. మిగతాది రిజిస్టరులో ఉన్నదే.

జనవరి 25, ఆదివారం

మంచు. పన్నెండో గ్రీను మీద పందికొక్కు బొరియ. పూడ్చాను.

అబ్బులు వచ్చాడు. వాళ్ళ నాన్న నాతో చెరువుల దగ్గర తూములు చూసేవాడు. వీడు ఈ మైదానంలోనే క్యాడీగా ఆటగాళ్ళ బ్యాగులు మోసి, చూసి, నేర్చుకుని, ఇరవై ఆరేళ్ళకి ఈ రెండో మెట్టు టూరులోకి ఎక్కాడు. 2022లో మంచి ఊపు మీదున్నాడు. తర్వాత భుజం పట్టేసింది. ఇప్పుడు తునిలో హైవే మీద పెట్రోలు బంకులో చేస్తున్నాడు. ముప్పై నాలుగేళ్ళు. జుట్టు ముందు వైపు పోయింది.

అన్నవరం వెళ్ళొచ్చాడట. ప్రసాదం చేతిలో పెట్టాడు. ఆకు విప్పి తిన్నాను.

"2022 లెక్కలోకి తీసుకుంటున్నారంట కదా బాబాయ్."

"నీకెవరు చెప్పారు?"

"క్యాడీలు చెప్పారులే. విశాఖలో అకాడమీ పెడుతున్నారు. పిల్లలకి నేర్పే కోచ్ కావాలంట. టూరులో ఒక్క పోటీ అయినా గెలిచినవాడే అప్లై చెయ్యాలి. పదో తారీఖు ఆఖరు. నేను గెలిచింది ఇదొక్కటే బాబాయ్."

"గెలవలేదు కదరా. ఆగిపోయింది."

"ఆగిపోయిందా? నేను బంతి గుంతలో వేశాను. నువ్వు గుంత జెండా పట్టుకుని నా పక్కనే ఉన్నావు. సందీప్ బాబుకి రెండడుగుల దూరం. అది వేసినా నాకంటే రెండు దెబ్బలు వెనకే. అప్పుడు స్కోరు బోర్డు ఆరిపోయింది. ఆరిన కాసేపటికి సైరన్ మోగింది. ఆయన బంతి చేత్తో తీసుకుని వెళ్ళిపోయాడు. అవునా, కాదా?"

"వానలో ఏది ముందో ఏది వెనకో ఎవరికి గుర్తుంటుంది."

"నీకు గుర్తుండదా? పోయినేడు ఈ రోజు గుంత ఎక్కడుందో చెప్పగలవు నువ్వు."

నేను గుంతలు కోసే కట్టర్ బ్లేడు తుడుచుకుంటూ ఉన్నాను.

"సైరన్ కమిటీ తరఫు మనిషి వేస్తేనే ఆట ఆగినట్టు బాబాయ్. కమిటీ వెయ్యకపోతే ఆట ఆగలేదు, బంతి తీసుకుని పోయినవాడు ఔటు, రెండు రౌండ్లూ అయినట్టే, ముందున్నది నేనే. నాకొక్కటే చెప్పు. ఆ రోజు సైరన్ ఎవరు వేశారు?"

"రిజిస్టరులో ఉంది."

"రిజిస్టరు రాసేది నువ్వే కదా."

ఆ మాటకి నవ్వాడు. వాళ్ళ నాన్న నవ్వే. మూడింటి బస్సుకి వెళ్ళిపోయాడు.

వీడు ఆ రోజు బాగా ఆడాడు, కాదనను. కానీ మూడో రౌండు ఉందిగా. వాన పడకపోయి ఉంటే మూడో రౌండులో ఓడిపోయేవాడేమో. ఓడిపోయేవాడే అనుకుంటాను. ఇలాంటివాళ్ళంతా ఆఖరి రోజు ఓడిపోతారు. అందుకే రెండో మెట్టు మీదుంటారు.

జనవరి 26

జెండా వందనం. రాజుగారు గోల్ఫ్ వల్ల నిజాయితీ అలవడుతుందని ఉపన్యసించారు. తన తప్పు తానే చెప్పుకునే ఆట ప్రపంచంలో ఇదొక్కటేనట. సందీప్ బాబు ముందు వరసలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. లడ్డూలు పంచారు. తీసుకోలేదు.

జనవరి 28

పొద్దున్నే రెండు చినుకులు. పద్దెనిమిదో గుంత: ముందు నుంచి తొమ్మిది, కుడి నుంచి నాలుగు.

శ్రీదుర్గ పాత ఫోటోలు కంప్యూటరులో వరసగా పేరుస్తోంది. పుస్తకంలో ప్రతి ఏటికీ ఒకటి వేస్తారట. షెడ్డుకొచ్చి ఒకటి చూపించింది. పద్దెనిమిదో గ్రీను, వాన. అబ్బులు వంగి గుంతలోంచి బంతి తీస్తున్నాడు. సందీప్ బాబు పక్కనున్నాడు. వెనక నేను, తల మీద ఎరువు సంచి కప్పుకుని, చేతిలో జెండా కర్ర.

"ఈ ఫోటో 5.37కి తీశారండి. కెమెరా టైము రాసుంది. ఇది మీరే కదా?"

"నేనే."

"సైరన్ బటన్ ఎక్కడుంటుందండి?"

చూపించాను. ఈ షెడ్డులోనే, మోటారు స్విచ్చి పక్కన. పద్దెనిమిదో గ్రీను నుంచి గడ్డి తడపడానికి పూడ్చకుండా ఉంచిన చెరువు గట్టు చుట్టి రావాలి. పరిగెత్తితే ఆరు నిమిషాలు. నేను పరిగెత్తే మనిషిని కాను.

అమ్మాయి గుమ్మంలోంచి గ్రీను వైపు చూసింది. మళ్ళీ బటన్ వైపు చూసింది. రిజిస్టరు గురించి అడుగుతుందనుకున్నాను, అడగలేదు.

"2022 విజేత పేరు ఖాళీగా ఉంచుతున్నానండి. నాలుగో తారీఖు రాత్రి ప్రెస్సుకి వెళ్తుంది. ఈలోగా మీకేమైనా గుర్తొస్తే చెప్పండి," అంది.

దొరల గుర్రాలు మాత్రం వేసింది. వాటికి రుజువు అక్కర్లేదు కాబోలు.

జనవరి 29

రిజిస్టరులో ఉన్నదే

జనవరి 30

అన్నం సహించలేదు. మా ఆవిడ సూర్యకళ అడిగింది.

"అబ్బులు వచ్చెళ్ళిన కాడి నుంచి ఇలాగే ఉన్నారు. వాడికేమన్నా బాకీ ఉన్నారా?"

"వాడికి నేనేం బాకీ."

"అయితే తినండి."

తిన్నాను.

ఒకసారి రాసుకుంటాను. ఎవరూ చదివేది కాదు కదా.

2009లో నాలుగో చెరువు దగ్గర కరెంటు పోయినప్పుడు సైరన్ మోగలేదు. బ్యాటరీ చచ్చిపోయి ఉంది. నేను నిద్రపోయాను. ఏరేటర్లు ఆగిపోయి నీళ్ళలో గాలి చాలక, తెల్లారేసరికి చెరువంతా చచ్చిన రొయ్యలు ఎర్రగా తేలాయి. కోతకి పది రోజులుంది. రాజుగారి నాన్నగారు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ తర్వాత సైరన్‌కి కొత్త బ్యాటరీ పెట్టి నేనే వైరు కలిపాను. కరెంటు పోయి ఒక నిమిషంలో జనరేటరు అందుకోకపోతే, ఎవరూ నొక్కకుండా అదే మోగుతుంది. చెరువులు పూడ్చాక దాన్నే గోల్ఫ్‌కి వాడుకున్నారు. వైరు తీసేయమని ఎలక్ట్రీషియన్ అప్పుడే చెప్పాడు. తీసేశానన్నాను. తీయలేదు. ఎందుకు తీయలేదంటే ఏం చెప్పను. రొయ్యల చెరువుల్లేవని నాకు తెలియక కాదు. జనరేటరు ప్రతిసారీ అందుకునేది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఆ రోజు జనరేటరు తడిసిపోయింది.

నేను గట్టు చుట్టి వచ్చేసరికి రాజుగారు షెడ్డు ముందు గొడుగు కింద నిలబడి ఉన్నారు. "సైరన్ ఎవరు వేశార్రా?" అన్నారు. వైరు సంగతి చెప్పాలి. నాలుగో చెరువు గుర్తొచ్చింది. "నేనేనండి, మెరుపులు కనపడ్డాయి," అన్నాను. "మంచి పని చేశావు," అని భుజం తట్టారు. అప్పుడే రిజిస్టరులో రాశాను. ఒక్క అక్షరం వంకర పోలేదు. దస్తూరీ చూస్తే తెలుస్తుంది.

పందొమ్మిదో తారీఖు నుంచి ఈ పుస్తకంలో వాళ్ళ చరిత్రని ఎన్ని మాటలన్నానో ఇప్పుడే తిరగేసి చూశాను. దొరలు గుర్రాలు దిగారన్న అబద్ధం వల్ల ఎవడి బతుకూ తుని బంకులో ఆగిపోలేదు.

ఫిబ్రవరి 1, ఆదివారం

అన్ని గ్రీన్లూ రెండుసార్లు కోశాం. ఆటగాళ్ళు దిగుతున్నారు. ఇసుక గుంటల్లో ఇసుక ముతకదని ఒకడు, తడిదని ఒకడు.

ఫిబ్రవరి 2

రాజుగారికి చెబుదామని బంగళాకి వెళ్ళాను. అరగంట నిలబడ్డాను. బయటికొచ్చి "ఏంట్రా?" అన్నారు. ఎరువు బస్తాలు కావాలన్నాను. నోటితో నా వల్ల కాదు.

ఫిబ్రవరి 4, బుధవారం

మంచు లేదు. ఆకాశం శుభ్రంగా ఉంది. ఇది రాసుకోవాలి: మెరుపు లేదు, మబ్బు లేదు.

ప్రాక్టీసు రోజు. టూరు అధికారి ఢిల్లీ నుంచి వచ్చాడు. బక్కపల్చటి మనిషి, మెడలో స్టాప్ వాచీ. పదకొండింటికి రాజుగారు ఆయన్ని మైదానం చూపించడానికి తీసుకొచ్చారు. శ్రీదుర్గ కూడా ఉంది. అరవై మంది ఆడుతున్నారు. సందీప్ బాబు పద్దెనిమిదో గ్రీను మీదున్నాడు.

వాళ్ళు షెడ్డు ముందుకొచ్చేదాకా ఆగాను. జనరేటరు స్విచ్చి కట్టేశాను. తర్వాత మెయిన్ దించాను. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ అందరికీ కనపడేలా నిలబడ్డాను. స్కోరు బోర్డు ఆరిపోయింది. ఒక నిమిషం చాలా పొడుగ్గా ఉంటుంది.

సైరన్ మోగింది.

మైదానం మొత్తం మీద ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. బ్యాగులు భుజానికెత్తుకుని క్లబ్బు వైపు నడవడం మొదలెట్టారు. సందీప్ బాబు బంతి చేత్తో తీసి జేబులో వేసుకున్నాడు. అచ్చం అప్పటిలాగే. అలవాటు.

రాజుగారు ఆకాశం చూశారు. "ఎవడ్రా నొక్కింది?"

"ఎవరూ నొక్కలేదండి."

"నొక్కకుండా ఎలా మోగుద్దిరా?"

"కరెంటు పోతే మోగుతుందండి. చెరువుల నాటి వైరు. నేనే కలిపాను, నేనే ఉంచేశాను. 2022లో కూడా ఇలాగే మోగింది. నేను పద్దెనిమిది మీద జెండా పట్టుకుని ఉన్నాను."

అధికారి ఏమంటున్నానని అడిగాడు. శ్రీదుర్గ ఇంగ్లీషులో చెప్పింది. చెబుతూ ఫోనులో ఆ ఫోటో తీసి చూపించింది.

"రిజిస్టరులో నువ్వు వేశానని రాసుంది కదరా," అన్నారు రాజుగారు నెమ్మదిగా.

"రాశానండి. అబద్ధం రాశాను."

నా జీవితంలో ఒక్క గుక్కలో ఇన్ని మాటలు మాట్లాడటం ఇదే మొదటిసారి. తర్వాత మెయిన్ ఎత్తాను. మోటారు తిరిగింది.

అధికారి నాచేత రాయించుకున్నాడు, రెండు పేజీలు. 2022 ఫలితం రాత్రికి చెబుతానన్నాడు. కమిటీ గదిలో గంటన్నర తలుపులేసుకున్నారు. తర్వాత శ్రీదుర్గ వచ్చి చెప్పింది. సందీప్ బాబు పేరు ఇక కుదరదు. ఆ ఏడు ఎవరూ గెలవలేదంటే తొమ్మిదే అవుతాయి. ఆర్చీ మీద పది ఉంది. పది కావాలంటే అబ్బులు కావాలి. అధికారి సరేనంటే కమిటీకి అభ్యంతరం లేదని రాజుగారే సంతకం పెట్టారట.

ఆర్చీ లేకపోతే వాడికి న్యాయం జరిగేది కాదు. ఇదీ వీళ్ళ చరిత్ర.

రాత్రికి అధికారి సరేనన్నాడు. అబ్బులుకి నేనే ఫోను చేశాను. వైరు సంగతి మొత్తం చెప్పాను. అవతల లారీల చప్పుడు వినిపిస్తోంది. "నాలుగేళ్ళు బాబాయ్," అని పెట్టేశాడు.

ఫిబ్రవరి 5, గురువారం

మంచు పల్చగా ఉంది. ఐదున్నరకే గ్రీన్ల మీద దులిపించాను. సైరన్ వైరు కోసి చుట్ట చుట్టి మేకుకి తగిలించాను.

రిజిస్టరు నిన్నే తీసుకున్నారు. తాళాలు ఈ సాయంత్రం ఆఫీసులో ఇచ్చేయమన్నారు. ఇరవై మూడేళ్ళకి రాజుగారు నాతో ఎలా చెప్పాలో తెలియక జీవరాజుచేత చెప్పించారు. అతను ఆఫీసు గుమాస్తా. చెబుతూ నా చెప్పులు చూశాడు. ఈ రోజు గుంతలు మాత్రం నేనే కొట్టాలట. వేరేవాడికి చేతకాదు. నా మీద కోపం ఉంది కానీ గుంత వంకరగా వస్తే ఇంకా కోపం. రిజిస్టరు లేదు కాబట్టి ఇందులోనే రాస్తున్నాను.

ఒకటో గుంత: ముందు నుంచి పది, ఎడమ నుంచి నాలుగు. తొమ్మిదో గుంత: ముందు నుంచి పదిహేడు, కుడి నుంచి ఆరు. మిగతావి అధికారి ఇచ్చిన కాగితంలో ఉన్నట్టే.

పదిహేడు అయ్యాక కట్టర్ బ్లేడు మార్చుకోవడానికి షెడ్డుకొచ్చాను. అబ్బులు గుమ్మంలో ఉన్నాడు. మొదటి బస్సుకి వచ్చినట్టున్నాడు. బంకు చొక్కా మీదే ఉన్నాడు. సర్టిఫికెట్టు పదింటికి ఇస్తారట. విరిగిన మీసం రొయ్యతో ఫోటో కూడా తీస్తారట.

ప్రసాదం తెచ్చి అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదన్నాడు. బ్లేడు బిగించుకున్నాను. నేను ఏదో ఒకటి అంటానని వాడు చూశాడు. నేను అనే రకం కాదని వాడికి తెలుసు.

ఇప్పుడు బయట నిలబడి ఉన్నాడు. కట్టర్ తీసి భుజాన పెట్టుకున్నాడు, నొప్పి లేని భుజాన. "రాయడం అయిందా? పద్దెనిమిది ఎక్కడ పెడుతున్నావు?" అంటున్నాడు. ఆటకి ఇంకా నలభై నిమిషాలుంది. వాన పడ్డ ఆ రోజు గుంత ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. అధికారి కాగితంలో పద్దెనిమిది దగ్గర, నీ ఇష్టం, అని రాసుంది.

పద్దెనిమిదో గుంత: ముందు నుంచి